ఆరు ట్రిప్పుల చలికాలం

మా అత్తయ్య నా మొహం చూసి నాతో అన్న మొదటి మాట "ఒసేయ్ దరిద్రమా". కాపురానికొచ్చిన రెండేళ్ళ తరువాత, ఇంటికి నూట నలభై కిలోమీటర్ల దూరంలో, గడ్డకట్టిన బాడవ నేల మీద, మంచులో మోకాళ్ళ మీద కూర్చుని అంది. ఆ తిట్టు తిన్నందుకు నాకు ఇప్పటికీ సంతోషమే. అది తినకపోయి ఉంటే మా ఇల్లు ఇవాళ ఇలా ఉండేది కాదు.

అంతకుముందు ఆవిడ మాట్లాడేది కాదని కాదు. బాగానే మాట్లాడేది. గోడతో మాట్లాడేది, పొయ్యితో మాట్లాడేది. "కొందరికి గిన్నె మీద మూత పెట్టాలని తెలీదు" అని అలమరకు చెప్పేది. ఇంట్లో ఉన్నదే ముగ్గురం, అందులో ఇద్దరు తల్లీకొడుకులు, ఇక ఆ కొందరు ఎవరో వేరే చెప్పాలా? తనతో ఒక్క మాట చెప్పకుండా కొడుకు నన్ను పెళ్ళి చేసుకున్నాడని కోపం. కొడుకు మీద రావలసిన కోపం కూడా కలిపి నాకే వడ్డించింది. నేనేమైనా తక్కువ తిన్నానా? నాకూ నోరుంది. నేనూ చీపురుతో మాట్లాడేదాన్ని.

మా లారీ పేరు బుజ్జి. ఎనిమిది టన్నుల బుజ్జి. మా ఆయనకంటే నాలుగేళ్ళు పెద్దది. పోయిన మామయ్య కొన్న బండి. అందులో కంప్యూటరు లేదు, ఏదో తక్కువైందని వెలిగి బండిని ఆపేసే దీపాలూ లేవు. డీజిల్ పోసి, నూనె పోసి, కోపం వస్తే సుత్తితో ఒకటిస్తే నడుస్తుంది. పైన కొండల్లో ఒక గని క్యాంపు ఉంది, నలభై కుటుంబాలుంటాయి. ఎండలు కాసినన్నాళ్ళూ అక్కడికి దారి లేదు, అంతా బాడవ, దిగితే నడుం దాకా బురద. చలికి ఆ బురద రాయిలా గడ్డకట్టాక దాని మీదే లారీలు పోతాయి. పిండి, నూనె, మందులు, కిరోసిన్, అన్నీ ఆ మూడు నెలల్లోనే పైకి చేరాలి. దారంటే దారి కాదు, అక్కడక్కడా పాతిన కర్రలు, వాటి మధ్య మన ధైర్యం.

ఆ సరుకు మోసే హక్కు, దాన్నే వరస అంటారు, పది లారీలకే ఉంది. ఒక్కో బండి సీజన్‌కు ఆరు ట్రిప్పులు వేయాలి. ఆరూ వేయలేకపోతే వరస ఇంకొకరికి పోతుంది. వరస పోయిన పాత లారీని ఇనుప సామాను వాడు తప్ప ఎవడూ అడగడు. మా ఇంటికి బుజ్జి తప్ప వేరే ఆధారం లేదు. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసిన మా ఆయన, సరిగ్గా సీజన్ మొదలయ్యే వారం ముందు, టార్పాలిన్ కడుతూ లారీ పైనుంచి జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు.

ఆసుపత్రి నుంచి తెచ్చి వంటింట్లో పొయ్యి పక్కన మంచం వేసి పడుకోబెట్టాం. తుంటి నుంచి మడమ దాకా కట్టు. మనిషి కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు.

"బుజ్జిని అమ్మేద్దాం. ఇప్పుడైతే వరసతో సహా ఎవరైనా తీసుకుంటారు" అన్నాడు.

ఆ గొంతు నాకు నచ్చలేదు. ఇరవయ్యో ఏట నుంచీ ఆ స్టీరింగ్ తప్ప వేరే ఏదీ పట్టని మనిషి. లారీ పోతే ఈయనేం చేస్తాడు, నా మొహం చూస్తూ కూర్చుంటాడా?

"నేను నడుపుతా" అన్నాను.

"నువ్వు నడిపింది బేకరీ వ్యాను."

"ఏడేళ్ళు నడిపాను. ఒక్క బ్రెడ్డు కింద పడేయలేదు."

మా ఆయన నవ్వబోయి కాలు నొప్పెట్టి ఆగిపోయాడు. అత్తయ్య అటు తిరిగి గిన్నె తోముతోంది. "వ్యానుకీ లారీకీ ఒకటే తేడా" అని గిన్నెతో చెప్పింది. "వ్యాను ఆగిపోతే నడిచి ఇంటికి రావచ్చు."

నాకు ఒళ్ళు మండింది. జవాబు వెతుక్కునేలోపు ఆవిడ గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుని, అటక మీంచి ఒక మూట దించింది. అందులో దళసరి బూట్లు, కుందేలు బొచ్చు టోపీ, మోచేతుల దాకా వచ్చే తోలు చేతి తొడుగులు ఉన్నాయి. మామయ్య పక్కన ఆవిడ పాతికేళ్ళు క్లీనరుగా తిరిగినప్పటివి. బూట్లలోంచి ఎండిపోయిన గడ్డి తీసి, పొయ్యి దగ్గర ఆరబెట్టింది.

"అమ్మా, నువ్వెక్కడికి?" అన్నాడు మా ఆయన.

"బుజ్జికి తోడు" అంది.

అలా బయలుదేరాం.

మొదటి ట్రిప్పు పొద్దున నాకు బాగా గుర్తు. ఇంకా చీకటి పోలేదు, ఊపిరి వదిలితే మఫ్లరు మీద తెల్లగా పేరుకుంటోంది. బ్యాటరీలు రెండూ రాత్రంతా వంటింట్లో మా ఆయన మంచం కిందే పడుకున్నాయి, వాటిని దుప్పట్లో చుట్టి మోసుకొచ్చి బిగించాం. ఇంజను కింద నూనె ఉండే చోట పెద్ద రేకు పళ్ళెంలో నిప్పులు పోసి పెట్టింది అత్తయ్య. అరగంట వేడెక్కాలి. తాళం తిప్పబోయాను.

"బుజ్జమ్మా, తొందరపడకే తల్లీ" అంది ఆవిడ లారీ తలుపు నిమిరి. "కొందరు ఆదరాబాదరాగా తాళం తిప్పుతారు. ముందు హీటరు ప్లగ్గులు వేడెక్కాలి. నలభై లెక్కపెట్టాలి."

నలభై లెక్కపెట్టాను. బుజ్జి దగ్గింది, తుమ్మింది, తెల్లటి పొగ వీధంతా నింపింది, తరువాత అందుకుంది. ఆ చప్పుడు వినగానే వంటింటి కిటికీలోంచి మా ఆయన చెయ్యి ఊపడం కనిపించింది. నాకు ఏడుపొచ్చింది. చలికి అనుకుంటారులే అని తుడుచుకోలేదు.

నాకు డ్రైవింగ్ నేర్పింది మా అత్తయ్యే, కాని ఒక్క ముక్కా నాకు చెప్పలేదు. అన్నీ బుజ్జికే చెప్పింది. "బుజ్జీ, ఇక్కడ మంచు కింద నీళ్ళుంటాయి, రంగు చూడు, బూడిద రంగు కనిపిస్తే ఎడమకి పో." "బుజ్జీ, ఎక్కుడు మొదలయ్యాక గేరు మార్చకు, ముందే మార్చుకో." "బుజ్జీ, నీకు కిరోసిన్ కలపని డీజిల్ పోస్తే గొంతులో మైనంలా గడ్డకడుతుంది కదూ, మనకు తెలుసు, అందరికీ తెలీదు." నేను చెప్పినట్టు చేసేదాన్ని. డీజిల్ ఫిల్టర్లు రెండు నా కోటు లోపల, కడుపు దగ్గర పెట్టుకోమని కూడా బుజ్జికే చెప్పింది. చల్లటి ఫిల్టరు బిగిస్తే బిగించిన చోటే మూసుకుపోతుందట.

రెండో ట్రిప్పులో ఒక కొత్త లారీ దారిలో ఆగిపోయి కనిపించింది. ఎర్ర దీపమేదో వెలిగి, ఇంజను తనంతట తానే ఆగిపోయిందట. ఆ డ్రైవరు పుస్తకం చదువుతూ కూర్చున్నాడు, ఆ దీపానికి అర్థం ఏమిటో అందులో ఉందని. అతని బండికి తాడు కట్టి మజిలీ గుడిసె దాకా లాక్కుపోయాం. అత్తయ్య దారంతా కిటికీలోంచి వెనక్కి చూసి మురిసిపోయింది. "చూశావా బుజ్జీ, నీ మనవరాలి వయసు లేదు, అప్పుడే మోకాళ్ళ నొప్పులు" అంది. నేను పగలబడి నవ్వాను. ఆవిడ పెదవి బిగబట్టింది కాని, నవ్వు కళ్ళలోకి వచ్చేసింది.

ఒక్క విషయం మాత్రం మొదటి రోజే, బుజ్జికి కూడా చెప్పకుండా, గాలిలోకి గట్టిగా చెప్పింది. ట్రాక్ మీద హ్యాండ్‌బ్రేకు వేయకూడదు. వాగులు దాటుతాం, చక్రాల్లోకి నీళ్ళు పోతాయి. బ్రేకు లాగి ఆపితే లోపల బ్రేకు షూలు చక్రం డ్రమ్ముకు అంటుకుని, పావుగంటలో గడ్డకట్టి, చక్రం ఇక తిరగదు. ఆగాలంటే డ్రైవరు కాలి బ్రేకు తొక్కిపట్టి ఉంచాలి, క్లీనరు దిగి చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టాలి, అప్పుడే కాలు తీయాలి. ఎప్పుడో ఇద్దరు డ్రైవర్లు అలా బ్రేకు గడ్డకట్టి, డీజిల్ అయిపోయేదాకా వెచ్చదనం కోసం ఇంజను నడుపుకుని, చివరికి చలికి బండిలోనే పోయారు. అప్పటినుంచీ పది లారీలవాళ్ళూ ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. తడి బ్రేకు వేసినవాళ్ళు ఆ సీజన్‌లో మళ్ళీ స్టీరింగ్ ముట్టకూడదు. ట్రాక్ మొదట్లో గేటు దగ్గర ఉండే ముసలి డ్రైవరు, అందరూ పెద్దాయన అంటారు, ఆ విషయంలో సొంత తమ్ముణ్ణే దింపేసిన మనిషి.

నాలుగో ట్రిప్పు. అత్తయ్యకు రెండు రోజుల నుంచి దగ్గు. వద్దంటే వినలేదు. మధ్యాహ్నానికి ఆవిడ మొహం ఎర్రగా కాలిపోతోంది.

"కాసేపు పడుకోవచ్చు కదా" అన్నాను అద్దంతో. "దారి నాకు తెలుసు. మూడుసార్లు వచ్చాను."

ఎప్పుడూ బండిలో కన్ను మూయని మనిషి, ఆ రోజు అద్దం వైపు ఒకసారి, నా చేతుల వైపు ఒకసారి చూసి, దుప్పటి తల మీదకు లాక్కుంది. అయిదు నిమిషాల్లో గురక. నాకెంత గర్వం వేసిందంటే, గుంటలు తప్పించుకుంటూ గుడ్లు మోసుకుపోతున్నట్టు నడిపాను.

వాగు దాటాం. మంచు పలకలు విరిగి, నీళ్ళు చక్రాల సగం దాకా వచ్చాయి. అవతల గట్టెక్కాక వెనక ఏదో టపటపా కొట్టుకుంటోంది. టార్పాలిన్ తాడు ఊడింది. కింద పిండి బస్తాలు, మంచు పడితే పాడైపోతాయి. ఆపాను. దిమ్మలు పెట్టాలంటే ఆవిణ్ణి లేపాలి. రెండు రోజుల తరువాత పట్టిన నిద్ర. ఏడేళ్ళపాటు వీధి వీధికీ ఆగి, బ్రెడ్డు దించడానికి దిగేముందు నా ఎడమ చెయ్యి ఏ పని చేసేదో ఇప్పుడూ అదే చేసింది. నేను చూడనైనా చూడలేదు. దిగాను. ఆ తాడు కట్టడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ముళ్ళు వేస్తుంటే వేళ్ళకు స్పర్శ పోయింది.

తిరిగొచ్చి గేరు వేశాను. బుజ్జి మూలిగింది, కదల్లేదు. ఇంకా గట్టిగా తొక్కాను. వెనక చక్రాలు తిరక్కుండా అలాగే మంచు మీద ఒక జానెడు ఈడ్చుకుపోయాయి. అప్పుడు చూసుకున్నాను, నిటారుగా పైకి లేచి ఉన్న బ్రేకు కడ్డీని.

అత్తయ్య లేచింది. దిగి, వెనక చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, చేతి తొడుగు తీసి డ్రమ్ము మీద అరచెయ్యి పెట్టి చూసింది. తరువాత తలెత్తి, రెండేళ్ళలో మొదటిసారి, నా కళ్ళలోకి సూటిగా చూసింది.

"ఒసేయ్ దరిద్రమా! నన్ను లేపడానికేం రోగం?"

"జ్వరంగా ఉందని..."

"జ్వరమైతే చస్తానా? ఇలా అయితే ఇద్దరం చస్తాం! వెళ్ళు, స్టవ్వు తీసుకురా. సుత్తి తీసుకురా. ఏడుపు తరువాత ఏడుద్దువు గాని!"

నేను స్టవ్వుతోపాటు తెలివిగా వేడి నీళ్ళ కెటిల్ కూడా తెచ్చాను. "అది దేనికి? ఇంకో పొర మంచు కట్టడానికా? అది తాగడానికి, పక్కన పెట్టు" అంది.

పంపు స్టవ్వు వెలిగించి, గాలి తగలకుండా పాత టార్పాలిన్ ముక్క అడ్డం కట్టి, ఆవిడ లారీ కిందికి దూరింది. అరవై రెండేళ్ళ మనిషి, ఒంట్లో జ్వరం, మంచు మీద వెల్లకిలా పడుకుని డ్రమ్ముకు మంట చూపిస్తూ సుత్తితో చుట్టూ కొడుతోంది. "నేను దూరతానండీ" అంటే, "నీకేం తెలుసని, టైరుకు నిప్పంటిస్తావు. పైకెక్కి నేను చెప్పినప్పుడు ముందుకో గేరు, వెనక్కో గేరు వెయ్యి" అని అరిచింది. ఎక్కాను. ముందుకి, వెనక్కి. ముందుకి, వెనక్కి. బుజ్జి గింజుకుంటోంది, ఎక్కడిదక్కడే ఉంది. వెలుతురు తగ్గుతోంది. స్టవ్వులో కిరోసిన్ అయిపోతే క్యాంపుకు తీసుకుపోయే పీపాలోంచి తీసి పోశాం. నాకు ఆ ఇద్దరు డ్రైవర్లే గుర్తొస్తున్నారు.

గంటన్నరకు ఎడమ చక్రం ఠక్కున వదిలింది. కుడి చక్రానికి ఇంకో రెండు గంటలు. అది వదిలిన చప్పుడు విని నేను స్టీరింగ్ మీద తలపెట్టి భోరుమన్నాను. ఆవిడ మొహమంతా మసి, కనుబొమల మీద మంచు, క్యాబిన్‌లోకి ఎక్కి కూలబడింది. వేళ్ళు వంగడం లేదు. గ్లాసు నేనే పట్టుకుని టీ తాగించాను.

"నన్ను దింపేస్తారు కదా" అన్నాను. "వరస పోతుంది కదా. ఇంక రెండు ట్రిప్పులే ఉన్నాయి, ఎవరు నడుపుతారు? ఆయనకేం చెప్పను?"

ఆవిడ గ్లాసులోంచి ఇంకో గుక్క తాగింది.

"నేనూ వేశాను" అంది తరువాత.

"ఏంటి?"

"తడి బ్రేకు. ముప్పై ఏళ్ళ కిందట. మీ మామయ్యకు టైఫాయిడ్ వస్తే ఒక నెల నేనే నడిపా. బాగా నడిపేదాన్ని, ఆయనే అనేవారు. ఆయన లేచి క్లీనరుగా నా పక్కన కూర్చున్న మొదటి ట్రిప్పులోనే చేశా. కంగారుపడి."

"అప్పుడు?"

"మీ మామయ్యే రూలు రూలే అన్నారు. ఈ సీజన్‌కే కదా అన్నారు. మంచి మనిషే, తిట్టను కూడా లేదు." నా చేతిలోని గ్లాసును మోచేత్తో పక్కకి నెట్టింది. "మరుసటేడు నేను అడగలేదు. ఆయనా అడగలేదు. ఆ పైఏడు పిల్లాడు పుట్టాడు. అంతే. పద, గేరెయ్యి."

గేరు వేశాను. బుజ్జి కదిలింది.

క్యాంపుకు మేం ఎంత ఆలస్యంగా చేరామో రేడియోలో గేటుకు ముందే తెలిసిపోయింది. తిరుగు ప్రయాణంలో గేటు దగ్గర పెద్దాయన, ఇంకో నలుగురు డ్రైవర్లు టీ తాగుతూ మా కోసమే ఉన్నారు. పెద్దాయన మమ్మల్ని పలకరించే ముందు వంగి వెనక చక్రాలు చూశాడు. డ్రమ్ముల నిండా మసి. దాచడానికేముంది?

"ఎవరు వేశారు బ్రేకు?" అన్నాడు.

నేను నోరు తెరిచాను. దళసరి బూటు ఒకటి వచ్చి నా పాదం మీద పడింది.

"నేనే" అంది అత్తయ్య. "ఒళ్ళు బాగాలేదు మరిదీ. దిగి దిమ్మలు పెట్టబుద్ధి కాలేదు. చెయ్యి జాపి లాగేశా."

"నువ్వా వదినా?"

"ముసల్దాన్నయ్యాగా."

పెద్దాయన నా వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. "ఒకసారి చేసినవాళ్ళు రెండోసారి చెయ్యరు వదినా. నేనింతవరకు చూళ్ళేదు."

"ఇప్పుడు చూశావుగా."

"రూలు తెలుసుగా?"

"తెలుసు. ఈ సీజన్‌లో నేను స్టీరింగ్ ముట్టకూడదు. ముట్టనులే, ఒట్టు" అంది. డ్రైవర్లు నలుగురూ పడీ పడీ నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. గేటు కర్ర ఎత్తి మమ్మల్ని పోనిచ్చాడు.

ఆ అబద్ధం ఆవిడ ఇంటికి కూడా తెచ్చింది. కన్నకొడుకు ముందు కూడా అదే చెప్పింది. ఆయన ఊరుకుంటాడా, మంచంలో పడుకుని వేరే పని లేదాయె. "పాతికేళ్ళు తిరిగి ఇదా అమ్మా నువ్వు చేసింది? అసలే అది కొత్తది, ఆ బ్రేకు వదలకపోతే ఏమయ్యేది? దాని ప్రాణం మీదకు తెచ్చావు కదా" అని పొద్దునా సాయంత్రం క్లాసు పీకాడు. వీధి చివర టీ కొట్టువాడు కూడా "ఏం పెద్దమ్మా, బ్రేకు గట్టిగా పడిందట" అన్నాడు. ఆవిడ "పడింది నాయనా" అని నవ్వేసి వచ్చింది. నేను చెప్పేస్తానంటే, "నోరు మూసుకుని ఆరు ట్రిప్పులు పూర్తి చెయ్యి. నామోషీ నాకు కొత్త కాదు, వరస పోతే మళ్ళీ రాదు" అంది. నన్ను కన్నతల్లి కూడా నా తప్పు అంత సులువుగా నెత్తిన వేసుకుని ఉండదు. ఆ మూడు వారాలూ నాకు అన్నం సహించలేదు.

అయిదో ట్రిప్పు ఏ గొడవా లేకుండా అయింది. ఆరో ట్రిప్పులో సరుకు దించి, ఖాళీ బండితో తిరిగొస్తున్నాం. ఎండ కాస్తోంది. మంచు మీద పైపైన తడి మెరుస్తోంది, ఇంకో పది రోజుల్లో దారి మూసేస్తారు. గేటు ఇంకా మూడు గంటల దూరం ఉందనగా ఆపాను. ఆవిడ దిగి దిమ్మలు పెట్టి వచ్చి కూర్చుంది. నేను దిగి, ముందు నుంచి చుట్టూ తిరిగి, ఆవిడ వైపు తలుపు తీశాను.

"ఏంటే, టైరా?"

"కాదు. జరగండి."

"ఎటు?"

"అటు. స్టీరింగ్ వైపు. బ్రేకు వేసింది నేను. రూలు రూలే. ఈ సీజన్‌లో నేనిక ముట్టను."

"పిచ్చెక్కిందా? మూడు గంటల్లో అయిపోయే సీజన్‌కి ఇప్పుడు రూలేంటి?"

"ఆ మూడు గంటలకే."

"నాకు లైసెన్సు లేదు."

"ఇక్కడ అడిగేదెవరు, కుందేళ్ళా?"

"పెడల్‌కి కాలందదు నాకు."

"వెనక దుప్పటి మడిచి పెడతా."

"ముప్పై ఏళ్ళయిందే. మర్చిపోయుంటా."

"నాకు నేర్పింది ఎవరు? మర్చిపోయినవాళ్ళు అలా నేర్పలేరు."

ఆవిడ అటు తిరిగి అద్దంలోంచి బయటికి చూసింది. నా కాళ్ళు చలికి కొయ్యబారిపోతున్నాయి. "ఎందుకే ఇదంతా?" అంది.

"మిమ్మల్ని ఎవరూ అడగలేదన్నారు కదా. నేను అడుగుతున్నా. నడుపుతారా అత్తయ్యా?"

ఆవిడ చేతి తొడుగులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. టోపీ సర్దుకుంది. ఒక్కో అంగుళం చొప్పున అటు జరిగింది. స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుంది. తరువాత నా వైపు తిరక్కుండానే, "చూస్తావేంటి? దిమ్మలు తియ్యి" అంది.

తీశాను. ఎక్కాను. ఖాళీ బండి కాబట్టి రెండో గేరులోనే కదిలించింది, చిన్న కుదుపు కూడా లేదు. బుజ్జి నా చేతుల్లో ఎప్పుడూ అంత మెత్తగా కదల్లేదు, అసూయ కూడా వేసింది. మొదటి పది నిమిషాలూ ఊపిరి బిగబట్టి నడిపింది. తరువాత భుజాలు దిగాయి. తరువాత కూనిరాగం మొదలుపెట్టింది, దగ్గు అడ్డమొస్తే ఆగి, మళ్ళీ అందుకుంది. నేను పక్కన కూర్చుని రొట్టె ముక్కలు తుంచి నోటికి అందించాను. ఏడుస్తూనే అందించాను, దాచుకోలేదు.

గేటు దూరంగా కనబడింది.

"ఇక ఆపండి, నేను తీసుకుంటా. పెద్దాయన చూస్తారు."

"చూడనీ" అంది, గేరు తగ్గించి నేరుగా గేటు ముందుకే తెచ్చి ఆపింది.

పెద్దాయన రిజిస్టరు పట్టుకుని వచ్చి, తలెత్తి, అక్కడే నిలబడిపోయాడు. "వదినా, బ్రేకు వేసినవాళ్ళు సీజన్‌లో..."

"నేను వేస్తేగా."

"మరి ఎవరు?"

"నేను, బాబాయ్" అన్నాను వంగి. ఆరో ట్రిప్పు ఇంకా రాయలేదు. ఆయన ఊ అంటే వరస ఇప్పుడు కూడా పోతుంది.

పెద్దాయన మా ఇద్దరి వైపూ చూశాడు. చెవి వెనక పెన్సిలు తీసి, రిజిస్టరులో రాసి, మూశాడు.

"ఆరు" అన్నాడు. "సీజన్ అయిపోయింది. రూలు సీజన్ వరకే." కర్ర ఎత్తబోయి ఆగాడు. "మరుసటేడు వచ్చి నడపమని నీకు ముప్పై ఏళ్ళ కిందటే చెప్పాల్సింది వదినా. మేమెవరమూ చెప్పలేదు."

అత్తయ్య గేరు వేసింది. కర్ర లేచాక బండి కదిలించింది.

మా వీధి మలుపు తిరిగేసరికి బుజ్జి చప్పుడు విని మా ఆయన చంకకర్రల మీద కుంటుకుంటూ వాకిట్లోకి వచ్చేశాడు. నేనొచ్చానని నవ్వుకుంటూ నేరుగా డ్రైవరు తలుపు దగ్గరికే వచ్చాడు. తలుపు అద్దం దిగింది. అందులో వాళ్ళమ్మ. ఆయన నోరు తెరుచుకుని అలా ఉండిపోయాడు. పుట్టి ముప్పై ఏళ్ళు కావస్తున్నా, వాళ్ళమ్మకు లారీ నడపడం వచ్చని ఆయనకు తెలీదు.

"ఏంట్రా అలా చూస్తావు?" అంది అత్తయ్య. "పక్కకి జరుగు. బండి వెనక్కి తిప్పాలి."

మా ఆయన పక్కకి జరిగాడు. నేను దిమ్మలు పట్టుకుని దిగాను.